ఎంజైమ్ బాత్‌లో ఏ వెట్టింగ్ ఆయిల్ పొయ్యాలి?

"ఎంజైమ్ చచ్చిపోయింది సార్, డ్రమ్ము మార్చాలి." గుడ్డని శుభ్రం చేసి రంగులేసే ప్రాసెస్ హౌస్‌లో నైట్ షిఫ్ట్ మాస్టర్ నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. చచ్చిపోయిన మాట నిజమే కావచ్చు. ఎవరు చంపారని మాత్రం ఎవరూ అడగరు.

ఒకసారి సింగిల్ జెర్సీ (అల్లిక గుడ్డ) లాట్లు మూడు వరసగా బయోపాలిష్‌లో, అంటే ఎంజైమ్‌తో గుడ్డ మీది నూగు తీసే పనిలో, ఫెయిలయ్యాయి. పీహెచ్ 4.8, టెంపరేచర్ 55 డిగ్రీలు, టైము 50 నిమిషాలు. లాట్ కార్డులో అన్నీ సక్రమంగానే ఉన్నాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే గుడ్డ మీద నూగు మాత్రం నూగులాగే ఉంది. మాస్టర్ డోసు పెంచమన్నాడు. స్టోర్స్ వాళ్ళు ఎంజైమ్ సప్లయర్‌కి కంప్లైంటు రాయడం మొదలుపెట్టారు. నాకు అనుమానం వచ్చింది వేరే డ్రమ్ము మీద. ఆ వారమే కొత్త వెట్టింగ్ ఆయిల్, అంటే గుడ్డ త్వరగా తడవడానికి బాత్‌లో కలిపే సరుకు, దిగింది. గ్లాసు నీళ్ళలో దాన్ని రెండు చుక్కలు కలిపాను. అందులో ఫినిషింగ్‌కి వాడే కాటయానిక్ (పాజిటివ్ ఛార్జి ఉన్న) సాఫ్ట్‌నర్‌ని పలచన చేసి ఒక చుక్క వేశాను. విరిగిన పాలలా తెల్లగా తరకలు కట్టింది. అదే సాఫ్ట్‌నర్ చుక్క మామూలు నీళ్ళలో వేస్తే పలచటి మసక మాత్రమే వచ్చింది. అంటే ఆయిల్‌లో అయానిక్ (ఛార్జి ఉన్న) సరుకు ఉంది, అదీ నెగటివ్ ఛార్జి రకం; ఇక మీద ఉత్త 'అయానిక్' అంటే ఈ నెగటివ్ రకమే. డ్రమ్ము మీద మాత్రం 'నాన్-అయానిక్ బేస్' అని రాసి ఉంది! బేస్ నాన్-అయానికే, పైన కలిపింది కాదు. పాత ఆయిల్‌తో నాలుగో లాట్ వేస్తే అదే ఎంజైమ్, అదే డోసు, నూగు శుభ్రంగా పోయింది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఎంజైమ్ బాత్‌కి సర్ఫాక్టెంట్ (వెట్టింగ్ ఆయిల్‌లోని అసలు సరుకు, నీళ్ళని పట్టే తల, జిడ్డుని పట్టే తోక ఉన్న అణువు) ఎంచుకునేటప్పుడు నురుగు, ధర, 'పవర్' అనేవి రెండో వరసలోకి పోవాలి. మొదట అడగాల్సింది దాని ఛార్జి ఏమిటని.

ఛార్జి ఎందుకంత ముఖ్యం

ఎంజైమ్ అంటే ప్రోటీను. పొడుగాటి దారాన్ని ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఉండలా చుట్టినట్టుంటుంది. ఆ చుట్టలో ఒకచోట ఉండే గుంటలోనే పనంతా జరుగుతుంది. చుట్ట విప్పేస్తే గుంట ఉండదు, గుంట లేకపోతే పనీ ఉండదు. అయానిక్ సర్ఫాక్టెంట్ చేసేది సరిగ్గా ఆ విప్పడమే. దాని తల నెగటివ్ కాబట్టి ప్రోటీను మీదున్న పాజిటివ్ చోట్లకి అతుక్కుంటుంది. తోక నూనె స్వభావం కాబట్టి ఉండ లోపలి జిడ్డు భాగంలోకి దూరుతుంది. బయో-కెమిస్ట్రీ ల్యాబుల్లో ప్రోటీన్లని కావాలని విప్పదీయడానికి వాడే సోడియం డోడిసైల్ సల్ఫేట్ ఈ జాతిదే. ఒక గ్రాము ప్రోటీను దాదాపు 1.4 గ్రాముల ఎస్.డి.ఎస్.ని పట్టుకుంటుంది. మన భాషలో దాని పేరు ఎస్.ఎల్.ఎస్., అదే సోడియం లారిల్ సల్ఫేట్.

పీహెచ్ తగ్గేకొద్దీ ప్రోటీను మీద నెగటివ్ వాటా తగ్గి పాజిటివ్ వాటా పెరుగుతుంది. అందుకే అయానిక్ ఆయిల్ దెబ్బ యాసిడ్ సెల్యులేజ్ (బయోపాలిష్‌లో పత్తి నూగుని కొరికే, ఆమ్లంలో పనిచేసే ఎంజైమ్) మీద ఎక్కువ పడుతుంది. న్యూట్రల్ పీహెచ్‌లో కొంత తట్టుకునే ఎంజైమ్‌లు 4.8 దగ్గర తట్టుకోలేవు.

ఇక్కడ ఎవరైనా ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. "మరి ఇంట్లో బట్టలుతికే పౌడర్‌లో ఎల్.ఏ.ఎస్. ఉంది, ఎంజైమ్ కూడా ఉంది కదా?" ఉంది. ఎల్.ఏ.ఎస్. కూడా అయానిక్ జాతే. అయితే ఆ ఎంజైమ్‌లు ఆ పని కోసమే మార్చి మార్చి తయారు చేసినవి. ముఖ్యంగా సబ్టిలిసిన్ జాతి ప్రోటీయేజ్‌లు గట్టి పిండాలు. పైగా మంచి ఫార్ములాల్లో ఎల్.ఏ.ఎస్. ఒంటరిగా ఉండదు, పక్కన నాన్-అయానిక్ ఉంటుంది. రెండూ కలిసి మైసెల్స్ (అణువుల గుంపులు) కట్టుకుంటాయి కాబట్టి విడిగా తిరిగే అయానిక్ అణువులు తగ్గిపోతాయి. ఎంజైమ్‌ని పొడిచేది ఆ విడిగా తిరిగేవే. మన బయోపాలిష్ డ్రమ్ములోని సెల్యులేజ్‌కి అలాంటి శిక్షణ లేదు. అంచేత ఉతికే పౌడర్‌ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

అయానిక్‌లలోనూ అన్నీ ఒకటి కావు. ఎస్.ఎల్.ఎస్., ఎల్.ఏ.ఎస్. కటువైనవి. షాంపూల్లో వాడే ఎస్.ఎల్.ఈ.ఎస్.లో తలకీ తోకకీ మధ్య ఇథాక్సీ ముక్కలు రెండు మూడు ఉంటాయి కాబట్టి కాస్త మెత్తన. కానీ నురుగు విపరీతం, గుడ్డని తాడులా, అంటే రోప్‌గా, నీళ్ళతో పాటు తిప్పే సాఫ్ట్ ఫ్లో మెషిన్‌లో పోస్తే పంపు గాలి మింగుతుంది, రోప్ తేలి చిక్కు పడుతుంది. సల్ఫోసక్సినేట్ తడపడంలో రాజు. గ్రే క్లాత్‌ని (మగ్గం దిగిన పచ్చి గుడ్డని) ముంచగానే తడిపేస్తుంది. ప్యాడ్-బ్యాచ్ డీసైజింగ్‌లో (గుడ్డని ముంచి, పిండి, చుట్టి ఉంచి గంజి తీసే పద్ధతిలో) చాలామంది అది వాడి నెట్టుకొస్తున్నారు కూడా. గంజి తీసే ఎంజైమ్‌లు, అంటే అమైలేజ్‌లు, కొన్ని దాన్ని సహిస్తాయి. కానీ అది ఎస్టర్. వేడి క్షారంలో విరిగిపోతుంది, కాబట్టి అదే డ్రమ్ము స్కవరింగ్‌కి (క్షారంలో మరిగించి పత్తి జిడ్డు తీయడానికి) కూడా పనికొస్తుందని అనుకుంటే దెబ్బతింటారు. ఫాస్ఫేట్ ఎస్టర్‌లు ఇందుకు విరుద్ధం, కాస్టిక్‌లో నిలబడతాయి. వాటి చోటు స్కవరింగ్, మెర్సిరైజింగ్. ఎంజైమ్ బాత్‌లో వాటికి పని లేదు.

నాన్-అయానిక్: సరైన జవాబే, కానీ సగం జవాబు

నాన్-అయానిక్‌కి తల మీద ఛార్జి లేదు. ఈథిలిన్ ఆక్సైడ్ (ఈ.ఓ.) ముక్కలు గొలుసుగా ఉంటాయి, నీళ్ళని పట్టుకునేవి అవే. ఎంజైమ్‌తో పేచీ పెట్టుకోవు. సెల్యులేజ్ విషయంలో అయితే కొంత మేలే చేస్తాయి. పని లేని చోట ఎంజైమ్ ఊరికే అతుక్కుని కూర్చోకుండా చూస్తాయి. అందుకని బయోపాలిష్‌కైనా, డీసైజింగ్‌కైనా, పెక్టినేజ్ (పత్తి మీది పెక్టిన్‌ని కొరికే ఎంజైమ్) స్కవరింగ్‌కైనా మొదటి ఎంపిక నాన్-అయానికే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

పేచీ అంతా 'ఏ నాన్-అయానిక్' అన్న దగ్గరుంది. సప్లయర్ '7 మోల్', '9 మోల్' అంటాడు. ఆల్కహాల్‌కి తగిలించిన ఈ.ఓ. ముక్కల సంఖ్య అది. పన్నెండు, పద్నాలుగు కార్బన్ల ఆల్కహాల్‌కి ఏడు ముక్కలు తగిలిస్తే హెచ్.ఎల్.బి. (అణువు నీళ్ళ వైపా, నూనె వైపా అని చెప్పే అంకె) 12 పైచిలుకు, తొమ్మిది తగిలిస్తే 13 పైచిలుకు వస్తుంది. ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. మొత్తం అణువు బరువులో ఈ.ఓ. శాతాన్ని అయిదుతో భాగిస్తే చాలు. తడపడానికి, నూనె తీయడానికి రెండూ పనికొస్తాయి. తేడా క్లౌడ్ పాయింట్‌లో ఉంది.

ఈ జాతి ఆయిల్ చల్లటి నీళ్ళలో తేటగా కరుగుతుంది, వేడెక్కితే కరగనని మొండికేస్తుంది. ఒక టెంపరేచర్ దాటగానే ద్రావణం మబ్బు పట్టినట్టు తెల్లబడుతుంది. ఉప్పు, చక్కెర, సబ్బు వేడికి కరుగుతాయని తెలిసినవాళ్ళకి ఇది తలకిందులుగా కనబడుతుంది. 7 మోల్ సరుకుకి ఈ మబ్బు ఒక శాతం ద్రావణంలో సుమారు 50ల్లో వస్తుంది. 9 మోల్‌కి 70 బాగా దాటి 80 దగ్గర పడ్డాక వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 55 డిగ్రీల బయోపాలిష్‌లో 7 మోల్ పోస్తే అంచు మీద నడుస్తున్నట్టు. 70 డిగ్రీల డీసైజింగ్ జిగ్గర్‌లో అదే పోస్తే ఆయిల్ విడిపోయి చుక్కలు చుక్కలుగా గుడ్డకి అంటుకుంటుంది. ఆ చుక్క అప్పుడు కనిపించదు. రెండు రోజుల తర్వాత లేత నీలం షేడ్‌లో మచ్చై కనిపిస్తుంది, తిట్లు డైయింగ్ మాస్టర్‌కి పడతాయి.

అయితే క్లౌడ్ పాయింట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా కాదు. ఆయిల్ బాగా తడిపేది, జిడ్డు బాగా పట్టేది క్లౌడ్ పాయింట్‌కి కొంచెం కిందుగానే. 15 మోల్ సరుకు కొని ఏం జరిగినా విడిపోదులే అని గుండె మీద చెయ్యేసుకుంటే అది తడపనే తడపదు. బాత్ టెంపరేచర్ కన్నా ఓ 10, 15 డిగ్రీలు పైన మబ్బు పట్టేది చూసుకోండి. నేను పాటించే కొలత అది.

సప్లయర్ డేటా షీటులో రాసిన అంకె డిస్టిల్డ్ వాటర్‌లో కొలిచింది. మన బాత్‌లో గ్లాబర్ సాల్ట్ లాంటి ఉప్పు ఉండొచ్చు, పీహెచ్‌ని నిలిపే బఫర్ ఉంటుంది. ఉప్పు పెరిగితే క్లౌడ్ పాయింట్ దిగుతుంది. కాబట్టి మెషిన్‌లో ఉన్న బాత్ నీళ్ళే టెస్ట్ ట్యూబ్‌లో తీసుకుని, ఆయిల్ కలిపి, థర్మామీటర్ ముంచి, వేడినీళ్ళ బీకర్‌లో పెట్టి చూడండి. ట్యూబ్ వెనక అక్షరాలున్న కాగితం పెట్టుకోండి. అక్షరాలు మసకబారిన డిగ్రీ రాసుకోండి. పది నిమిషాల పని.

నోనైల్ ఫినాల్ రకం, అదే ఎన్.పి. 9.5, గురించి ఒక్క మాట. ఎంజైమ్‌తో దానికి గొడవ లేదు, చవక, తడపడంలో పేరున్నది, పాతకాలం మాస్టర్లకి ప్రాణం. కానీ ఎగుమతి గుడ్డకి వాడారంటే ఎంజైమ్ చావదు గానీ ఆర్డరు చస్తుంది. యూరప్‌లో 2021 ఫిబ్రవరి 3 నుంచి, నీళ్ళలో ఉతికే అవకాశమున్న బట్టల్లో నోనైల్ ఫినాల్ ఇథాక్సిలేట్ బరువులో 0.01 శాతానికి మించకూడదు, అంటే కిలోకి 100 మిల్లీగ్రాములు. బయ్యర్లు చాలామంది అసలు వాడొద్దనే అంటున్నారు. ఆల్కహాల్ ఇథాక్సిలేట్‌కి మారడమే దారి.

మిగిలిన రెండు జాతులు

కాటయానిక్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎంజైమ్ బాత్‌లో దాని నీడ కూడా పడకూడదు. పత్తి నీళ్ళలో నెగటివ్‌గా ఉంటుంది కాబట్టి కాటయానిక్ సరుకు పోయి గుడ్డని కప్పేస్తుంది, తడవడం తగ్గుతుంది, పైన మిగిలినది ప్రోటీనుని విప్పుతుంది. దాని చోటు ఆఖర్న, సాఫ్ట్‌నర్‌గా. చిక్కెక్కడొస్తుందంటే, ముందు లాట్‌లో సాఫ్ట్‌నర్ వేసిన మెషిన్‌ని సరిగా కడక్కుండా తర్వాతి లాట్‌కి ఎంజైమ్ పోసినప్పుడు. రీప్రాసెస్‌కి వచ్చిన గుడ్డ అయితే మరీ ప్రమాదం. దాని ఒంటి మీదే సాఫ్ట్‌నర్ ఉంటుంది, ముందు దాన్ని స్ట్రిప్ చేసి, అంటే ఊడదీసి తీరాలి.

ఆంఫోటెరిక్ బీటైన్‌లు (రెండు రకాల ఛార్జీ ఉన్నవి) ఎంజైమ్‌కి మర్యాదస్తులు. ధర ఎక్కువ, నురుగూ ఎక్కువే. గార్మెంట్ వాష్ డ్రమ్ములో పరవాలేదు గానీ సాఫ్ట్ ఫ్లోకి వద్దు.

చక్కెర నుంచి తయారయ్యే ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్‌లు మాత్రం గమనించదగ్గవి. నాన్-అయానిక్ జాతే, ఈ.ఓ. గొలుసు లేదు కాబట్టి ఆ మబ్బు గొడవ మామూలు టెంపరేచర్లలో ఉండదు, తేలిగ్గా కుళ్ళి నేలలో కలుస్తాయి. నురుగొస్తుంది, తడిపే వేగం తక్కువ. ఆల్కహాల్ ఇథాక్సిలేట్‌తో కలిపి వాడితే బావుంటాయి. ఈ మాటొస్తే మా అమ్మ గుర్తొస్తుంది. పట్టుచీరలు కుంకుడు రసంలో తప్ప ముంచనిచ్చేది కాదు. కుంకుడులోని సాపోనిన్ కూడా చక్కెర తల, జిడ్డు తోక ఉన్న సర్ఫాక్టెంటే. రసం కొంచెం ఆమ్లంగానే ఉంటుంది, సబ్బులా క్షారం కాదు, అందుకే పట్టుకి పడుతుంది. మరి మిల్లులో ఎందుకు వాడరని అడక్కండి. ఆ గోధుమరంగు రసం తెల్లగుడ్డకి పోస్తే షేడ్ మాస్టర్ ఊరుకోడు.

ఏ ఎంజైమ్‌కి ఏది

గంజి తీసే అమైలేజ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు అక్కడే. నేసేటప్పుడు తెగకుండా పడుగుకి పట్టించిన గంజిలో ఉత్త పిండి ఉండదు. టాలోనో (పశువుల కొవ్వు), మైనమో ఉంటుంది. ఆ జిడ్డు పొరని దాటకపోతే ఎంజైమ్ పిండిని చేరలేదు. కాబట్టి ఇక్కడ వెట్టింగ్ ఆయిల్ అలంకారానికి కాదు, దారి తెరవడానికి. ప్యాడ్-బ్యాచ్‌లో గుడ్డ బాత్‌లో ఉండేది సెకన్లే కాబట్టి ఆయిల్ ఎక్కువ కావాలి, లీటరుకి 3 గ్రాముల దాకా వేస్తాం. జిగ్గర్‌లో గుడ్డ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి 1 గ్రాము చాలు. 9 మోల్ నాన్-అయానిక్, 65 నుంచి 70 డిగ్రీలు, పీహెచ్ 6, 7 మధ్య. స్టీమర్‌లో 90 దాటి నడిపే వేడి తట్టుకునే అమైలేజ్ అయితే ఇంకా ఎక్కువ క్లౌడ్ పాయింట్ ఉన్నది అడగాలి.

రెండో పొరపాటు ఆయిల్‌లో దాక్కుని వచ్చే సీక్వెస్ట్రెంట్. 'త్రీ ఇన్ వన్' అని అమ్ముతారు, తడుపుతుంది, జిడ్డు తీస్తుంది, కాఠిన్యం పట్టుకుంటుంది అంటారు. ఆ మూడోదే మనకి శత్రువు. మామూలు బ్యాక్టీరియా అమైలేజ్ ఆకారం నిలబడడానికి కాల్షియం కావాలి. ఈ.డి.టి.ఏ. లాంటిది ఆ కాల్షియాన్ని లాగేస్తే ఎంజైమ్ కూలిపోతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. బోరు నీళ్ళ కాఠిన్యం మిగతా అన్ని బాత్‌లకీ తలనొప్పే, అమైలేజ్‌కి మాత్రం ఓ మోస్తరుగా ఉంటే చుట్టం. తిరుప్పూరు లాంటి చోట్ల మురుగునీరు బయటికి వదలకుండా ఆర్.ఓ.లో శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. ఆ నీళ్ళలో కాల్షియం దాదాపు సున్నా. అక్కడ లీటరుకి అర గ్రాము దాకా కాల్షియం క్లోరైడ్ వెయ్యాల్సి రావచ్చు. వేసిన చోట ఎల్.ఏ.ఎస్. గాని, సబ్బు గాని ఉన్న ఆయిల్ పోశారా, తెట్టు కడుతుంది. ఇక్కడ కూడా నాన్-అయానికే నెగ్గింది.

పెక్టేట్ లయేజ్ అనే పెక్టినేజ్‌తో బయో-స్కవరింగ్ చేసేవాళ్ళకి ఇదే కాల్షియం సూత్రం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. 55 డిగ్రీలు, పీహెచ్ 8 పైన ఎంజైమ్, నాన్-అయానిక్ ఆయిల్ కలిపి తిప్పండి. అరగంట అయ్యాక, ఎంజైమ్ పని పూర్తయిందనుకున్నాకే సీక్వెస్ట్రెంట్ వేసి 80, 90కి తీసుకెళ్ళండి. పత్తి మైనం కరిగేది ఆ వేడిలోనే, దాన్ని ఎత్తుకుపోయేది ఆయిలే. ముందే సీక్వెస్ట్రెంట్ వేస్తే ఎంజైమ్ డబ్బులు బూడిదలో పోసిన పన్నీరు. రెండు టెంపరేచర్లలోనూ పనిచెయ్యాలి కాబట్టి ఇక్కడ ఒకే మోల్ సరుకు చాలదు, 9 మోల్‌కి ఇంకా ఎక్కువ క్లౌడ్ పాయింట్ ఉన్నది కలిపిన మిశ్రమం వాడాలి.

బయోపాలిష్‌లో ఆయిల్ ఎంత తక్కువ వేస్తే అంత మంచిది. గుడ్డ అప్పటికే స్కవర్ అయి ఉంటుంది, నీళ్ళని ఇట్టే పీలుస్తుంది. ఒక నీటిచుక్క వేసి చూడండి, సెకనులోపు ఇంకిపోతే తడపడానికి ఆయిల్ అక్కర్లేదనే అర్థం. రోప్‌ల మధ్య రాపిడి సాఫీగా జరగడానికి, ఊడిన నూగు మళ్ళీ గుడ్డకి అంటకుండా తేలిపోవడానికి లీటరుకి 0.3 నుంచి 0.5 గ్రాము సరిపోతుంది. 300 కిలోల లాట్, 1:6 లిక్కర్ (కిలో గుడ్డకి 6 లీటర్ల నీళ్ళు) అనుకుంటే 1800 లీటర్ల బాత్, అరగ్రాము లెక్కన 900 గ్రాములు. అలవాటు కొద్దీ లీటరుకి 2 గ్రాములు పోసే మాస్టర్ 3.6 కిలోలు పోస్తాడు. డబ్బు సంగతి సరే, నాన్-అయానిక్ కూడా మరీ ఎక్కువైతే సెల్యులేజ్ గుడ్డ మీద కూర్చోవడానికి అడ్డుపడుతుంది. నురుగు తక్కువుండే ఈ.ఓ.-పి.ఓ. (ఈ.ఓ.తో పాటు ప్రొపిలిన్ ఆక్సైడ్ ముక్కలున్న) రకం ఈ మెషిన్లకి సరైనది. నురుగొచ్చాక సిలికాన్ డీఫోమర్ పోయడం కన్నా నురగని ఆయిల్ కొనడం నయం. సిలికాన్ మచ్చ పడితే దేవుడు కూడా తియ్యలేడు.

బ్లీచ్ తర్వాత మిగిలిన పెరాక్సైడ్‌ని తీసే పెరాక్సైడ్ కిల్లర్, అంటే క్యాటలేజ్ బాత్‌కి ఆయిల్ వెయ్యకండి. గుడ్డ నిండా నీళ్ళే ఉన్నాయి, తడపాల్సిందేముంది? అక్కడ జాగ్రత్తంతా బ్లీచ్ బాత్ నుంచి వచ్చే సబ్బు ఆయిల్‌ని, క్షారాన్ని ముందు కడుక్కోవడంలోనే.

పట్టు సంగతి వేరు. ధర్మవరంలోనైనా, పోచంపల్లిలోనైనా పట్టు జిగురు తీయడానికి సబ్బు, సోడా వేసి మరిగించడం పాత పద్ధతి. పట్టు బరువులో నాలుగో వంతు దాకా ఉండే సెరిసిన్ అనే ఆ జిగురు ఆ మరుగులో కరిగిపోతుంది. ప్రోటీయేజ్‌తో తీయాలనుకునేవాళ్ళు ఆ సబ్బు బాత్‌లోనే ఎంజైమ్ కూడా వేసేస్తే రెండు పనులూ అవుతాయనుకుంటారు. మరిగే నీళ్ళలో ఎంజైమ్ నిమిషం నిలవదు, సబ్బు అయానికే. 55, 60 డిగ్రీల్లో, మోస్తరు క్షారంలో, నాన్-అయానిక్ ఆయిల్‌తో ఎంజైమ్ బాత్ విడిగా నడపాలి. సబ్బు కావాలంటే ఆ తర్వాత, పలచగా.

మీ బీకర్ చెప్పేదే నమ్మండి

డేటా షీటులో 'ఎంజైమ్ కంపాటిబుల్' అని రాయడానికి ఇంకు ఖర్చు తప్ప ఇంకేం కాదు. మన ఎంజైమ్‌తో, మన నీళ్ళతో, మన డోసుతో చూసుకోవాలి. అమైలేజ్‌కి నేను చేసే పరీక్ష ఇది. ఒక శాతం పిండి ద్రావణం కాచి చల్లార్చి, బీకర్లలో సమానంగా పోస్తాను. బీకర్లు నాలుగు. మొదటిదాంట్లో ఎంజైమ్ మాత్రమే. రెండోదాంట్లో ఎంజైమ్, ఆయిల్. మూడోదాంట్లో ముందే మరిగించి చంపిన ఎంజైమ్. నాలుగోదాంట్లో ఆయిల్ మాత్రమే, ఎంజైమ్ లేదు. అన్నిటినీ 60 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి, రెండు నిమిషాలకొకసారి తలా ఒక చుక్క తీసి తెల్ల టైలు మీద అయోడిన్ చుక్కలో కలుపుతాను. మొదట్లో సిరాలా నీలం. కాసేపటికి ఊదా, తర్వాత ఎర్ర గోధుమ, చివరికి అయోడిన్ పసుపు మాత్రమే మిగులుతుంది. మొదటి బీకర్ ఎన్ని నిమిషాల్లో పసుపుకి వచ్చిందో, రెండోది కూడా ఇంచుమించు అప్పుడే రావాలి. రెట్టింపు టైము పట్టిందంటే ఆ ఆయిల్ సంగతి తేలిపోయినట్టే.

నాలుగో బీకర్ ఎందుకని మా ట్రైనీ ప్రతిసారీ అడుగుతాడు. సర్ఫాక్టెంట్ తోకలు పిండిలోని అమైలోజ్ చుట్టల్లో దూరి కూర్చుంటాయి, అయోడిన్ కూర్చోవాల్సిన చోటు అది. అంటే పిండి విరక్కుండానే నీలం తగ్గినట్టు కనబడొచ్చు. ఈ.ఓ. గొలుసులు అయోడిన్‌తో తమంతట తామే గోధుమరంగు ఇస్తాయి కూడా. నాలుగో బీకర్ లేకుండా పరీక్ష చేసి 'ఈ ఆయిల్ వేస్తే ఎంజైమ్ ఇంకా బాగా పనిచేస్తోంది' అని రిపోర్టు రాసినవాళ్ళని చూశాను. అలా రాసినవాళ్ళలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

గుడ్డ మీద అయితే టెగెవా స్కేలు ఉంది. అయోడిన్ చుక్క వేసి రంగుని 1 నుంచి 9 వరకూ చూస్తాం, 1 అంటే గంజి అలాగే ఉంది, 9 అంటే అస్సలు లేదు. 7కి తగ్గకుండా చూసుకుంటాం. గుడ్డకి పట్టించింది పిండి, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే కృత్రిమ జిగురు) కలిపిన గంజి అయితే జాగ్రత్త. పీవీఏ కూడా అయోడిన్‌తో రంగు చూపిస్తుంది, దాన్ని అమైలేజ్ ఏమీ చెయ్యలేదు. అప్పుడు తప్పు ఆయిల్‌దీ కాదు, ఎంజైమ్‌దీ కాదు.

సెల్యులేజ్‌కి అయోడిన్ పనికిరాదు. చిన్న గుడ్డముక్కలని ఆరబెట్టి తూచి, ల్యాబ్ మెషిన్‌లో ఆయిల్‌తో ఒకటి, ఆయిల్ లేకుండా ఒకటి నడిపి, మళ్ళీ ఆరబెట్టి తూచండి. బయోపాలిష్‌లో 3 నుంచి 5 శాతం బరువు పోవడం మామూలే. ఆయిల్ లేని ముక్క 4 శాతం పోయి, ఆయిల్ ఉన్నది 1 శాతమే పోతే ఇక చెప్పేదేముంది.

కొనేటప్పుడు

చవగ్గా కనబడే ఆయిల్‌లో సగం పైన నీళ్ళే ఉండొచ్చు. ఒక పెట్రీ ప్లేటులో 2 గ్రాములు తూచి 105 డిగ్రీల ఓవెన్‌లో నీరంతా పోయేదాకా ఉంచి మళ్ళీ తూచండి. మిగిలినదే సరుకు. కిలో ధరని ఆ శాతంతో భాగించి పోల్చండి. నూటికి నూరు పాళ్ళ సరుకు కొని మీరే నీళ్ళు కలుపుకోవచ్చు, ఒక్క జాగ్రత్త. ఆల్కహాల్ ఇథాక్సిలేట్ సగం సగం నీళ్ళు కలిసిన దగ్గర జెల్లీగా బిగుసుకుంటుంది. ఒకసారి హెల్పర్ ఆయిల్ ఉన్న ట్యాంకులోకి పైప్ పెట్టి నీళ్ళు వదిలేశాడు. పొద్దున్నకి ట్యాంకంతా హల్వా అయింది, గరిట దిగితే ఒట్టు. నీళ్ళు ముందు తీసుకుని, కలియదిప్పుతూ ఆయిల్‌ని సన్నటి ధారగా పోయాలి. తిరగవేసి కాదు.

కొత్త యూనిట్ పెట్టినవాళ్ళు అడుగుతుంటారు, ఒక్క డ్రమ్మే కొనే స్తోమత ఉంది, ఏది కొనమంటారని. పత్తి గుడ్డ మాత్రమే చేస్తారనుకుంటే, 9 మోల్ ఆల్కహాల్ ఇథాక్సిలేట్, ఏ కలుపూ లేనిది కొనండి. డీసైజింగ్‌కి తడపడంలో సల్ఫోసక్సినేట్ అంత చురుకు కాదు, ప్యాడర్ స్పీడు కాస్త తగ్గించుకోండి. సాఫ్ట్ ఫ్లోలో నురుగు కొంచెం వస్తుంది, డోసు అరగ్రాము దాటనివ్వకండి. రెండో డ్రమ్ముకి డబ్బొచ్చినప్పుడు నురుగు తక్కువుండే ఈ.ఓ.-పి.ఓ. రకం తెచ్చుకుని బయోపాలిష్‌కి దాన్ని కేటాయించండి. అయానిక్ ఆయిల్ కాస్టిక్ స్కవరింగ్ కోసం తెచ్చుకున్నా, దాని డ్రమ్ముకి ఎర్ర పెయింటు పూసి ఎంజైమ్ డ్రమ్ములకి దూరంగా పెట్టండి. రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో వచ్చే హెల్పర్ లేబుల్ చదవడు, రంగు చూస్తాడు. ప్రతి కొత్త కన్‌సైన్‌మెంటు నుంచీ వంద మిల్లీలీటర్లు సీసాలో పట్టి తేదీ వేసి ఉంచండి, సాఫ్ట్‌నర్ చుక్క పరీక్ష డ్రమ్ము విప్పిన రోజే చేసెయ్యండి. మా మాస్టర్ ఇప్పుడు నేను చెప్పకుండానే చేస్తున్నాడు, గ్లాసు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఇది తరకలు కట్టలేదు సార్, పోసెయ్యనా?" అంటాడు.